గ్యారేజీకి ఏ ఫ్యాను? ముందు అది మీకా, గదికా తేల్చుకోండి

మీరు ఇచ్చిన కొలతల ప్రకారం గ్యారేజీ 6 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు. పైన రేకులు. షట్టరు పడమటి వైపు. వెనక గోడకు పైన ఒక చిన్న కిటికీ. మధ్యాహ్నం పూట బండి విప్పుకుని కూర్చుంటే అరగంటకే చొక్కా పిండుకోవాల్సి వస్తోందనీ, పెద్ద ఇండస్ట్రియల్ ఫ్యాను తెచ్చి పెడితే తీరుతుందా, సీలింగ్ ఫ్యాను మేలా అనీ అడిగారు.

ఫ్యాన్లు బిగించడం, కాలిపోయినవి విప్పి వైండింగ్ చేయడం, షెడ్లకు ఎగ్జాస్టులు అమర్చడం నా పని. ఇందులో 20 ఏళ్లు దాటాయి. మీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే ఆ రెండూ కాదు. ఎందుకో కాస్త ఓపిగ్గా చదవండి, డబ్బు మిగులుతుంది.

ఫ్యాను గదిని చల్లబరచదు. తలుపులన్నీ మూసేసి ఫ్యాను వేసి, లోపల థర్మామీటరు పెట్టి చూడండి. ఒక్క డిగ్రీ కూడా దిగదు. పైగా 150 వాట్ల ఫ్యాను తీసుకున్న కరెంటంతా చివరికి ఆ గదిలోనే వేడిగా తేలుతుంది. ఫ్యాను చల్లబరిచేది మనిషిని. ఒంటికి అంటుకుని ఉన్న వేడి గాలి పొరను తోసేస్తుంది, చెమటను త్వరగా ఆరేలా చేస్తుంది. ఆ చెమట ఆరడంలోనే చల్లదనమంతా ఉంది.

దీనికీ ఒక హద్దుంది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే వేడెక్కితే ఫ్యాను మన ఒంటి మీదకు వేడినే తోస్తుంది. చెమట ఆరుతున్నంత సేపూ లాభమే ఎక్కువ కాబట్టి మనకు తెలియదు. గాలిలో తేమ బాగా ఉంటే ఆ లాభమూ పోతుంది. 40 డిగ్రీలు దాటాక ఫ్యాను వాడకం ఒంటిని ఇంకా వేడెక్కిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిస్తుంది. అంటే మీ గ్యారేజీలో మధ్యాహ్నం 42 ఉంటే, ఎంత పెద్ద ఫ్యాను తెచ్చి ఎదురుగా పెట్టుకున్నా పొయ్యి ఊదుకున్నట్టే. ముందు ఆ 42ని దించాలి, లేదా పని పొద్దుటికి మార్చుకోవాలి.

కాబట్టి ఇక్కడ పనులు రెండు. లోపల పేరుకున్న వేడి గాలిని బయటకు తోలడం ఒకటి, పని చేసే మనిషికి గాలి తగిలించడం రెండోది. ఒకదాని కోసం కొన్న ఫ్యానును రెండో పనికి వాడబోయి, "ఇంత డబ్బు పోసి కొన్నా లాభం లేదు" అని తిట్టుకునే వాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

కొనే ముందు ఒక పని చేయండి. రెండు థర్మామీటర్లు తెచ్చి, ఒకటి గ్యారేజీలో మీరు పని చేసే ఎత్తులో వేలాడదీయండి. గోడకు ఆనించకండి, గోడ వేడి చూపిస్తుంది. రెండోది బయట నీడలో. ఉదయం 11కి, మధ్యాహ్నం 3కి, రాత్రి 9కి రెండూ రాసుకోండి. మూడు రోజులు చాలు.

లోపల బయటికన్నా ఆరేడు డిగ్రీలు ఎక్కువ ఉంటే ఎగ్జాస్టు ఫ్యాను బ్రహ్మాండంగా పనిచేస్తుంది. తేడా ఒకటి రెండు డిగ్రీలే అయితే దాని మీద డబ్బు పెట్టకండి. ఎగ్జాస్టు ఎంత పెద్దదైనా బయటి గాలి కన్నా చల్లగా లోపలిని చేయలేదు. అప్పుడు ఒంటికి తగిలే గోడ ఫ్యాను ఒక్కటే దారి. రాత్రి 9కి బయట చల్లబడినా లోపల ఇంకా ఉడుకుతుంటే మాత్రం, పగలు తాగిన వేడిని గోడలూ సిమెంటు నేలా కక్కుతున్నాయని అర్థం. దాని మందు వేరే, కింద చెబుతాను.

రేకుల కప్పు, పడమటి షట్టరు అన్నారు కాబట్టి మీకు మొదటి కేసే అవుతుందని నా అంచనా. అలాంటప్పుడు ఫ్యాను కన్నా ముందు ఆ రేకు సంగతి చూడాలి. ఎండలో రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడిలో ఎక్కువ భాగం గాలి ద్వారా రాదు, నెగడు ముందు కూర్చుంటే ముఖానికి తగిలే సెగలా నేరుగా నెత్తి మీద పడుతుంది. సెగను ఏ ఫ్యానూ ఆపలేదు. రేకు పైన ఎండను వెనక్కి కొట్టే తెల్లటి కోటింగు వేయడం, లేదా కింద జానెడు ఖాళీ వదిలి ఫాల్స్ సీలింగు కట్టడం, ఈ రెంటిలో ఏదో ఒకటి చేస్తే తర్వాత సగం సైజు ఫ్యానుతో సరిపోవచ్చు. చుట్టుకునే షట్టరు మీద ఇన్సులేషన్ అట్టలు అంటించలేరు, చుట్టుకోదు. బయట అడుగు దూరంలో నీడ పడేలా పరదానో చలువ పందిరో ఏర్పాటు చేసుకోండి. ఎండ లోపలికి వచ్చాక ఆపడం కన్నా బయటే ఆపడం తేలిక.

ఇంకొకటి చాలా మంది మరిచిపోతారు: కారు. ఇప్పుడే తిరిగి వచ్చిన కారు ఇంజను పెద్ద హీటరుతో సమానం, గంటల తరబడి వేడి వదులుతూనే ఉంటుంది. పని ఉన్న రోజున దాన్ని బయటే నీడలో వదిలేయండి. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు లెక్క. మీ గ్యారేజీలో గాలి సుమారు 48.6 క్యూబిక్ మీటర్లు. ఇలాంటి రేకుల గ్యారేజీలో రెండు నిమిషాలకోసారి గాలి మొత్తం మారేలా చూస్తాను నేను. అంటే గంటకు 30 సార్లు, సుమారు 1,500 క్యూబిక్ మీటర్లు. గంటకు 1,000 క్యూబిక్ మీటర్ల గాలి బయటి కన్నా 5 డిగ్రీలు వేడిగా బయటకు పోతుంటే, అది తనతో మోసుకెళ్లే వేడి సుమారు 1.65 కిలోవాట్లు. మీ 1,500తో అది రెండున్నర కిలోవాట్లు అవుతుంది. ఒక రూమ్ హీటరును ఆర్పేసిన దానికన్నా ఎక్కువే.

ఇంకా పెద్దది పెడితే ఇంకా చల్లగా ఉండదా అంటారు. ఇక్కడే ఒక మెలిక. లోపలికి వచ్చే వేడి అంతే ఉన్నప్పుడు, గాలి రెట్టింపు చేస్తే బయటికీ లోపలికీ తేడా సగమవుతుంది. 10 డిగ్రీల తేడా 5 అవుతుంది, మళ్లీ రెట్టింపు చేస్తే 2.5, మళ్లీ చేస్తే 1.25. మొదటి ఫ్యాను 5 డిగ్రీలు దించితే, దానికి నాలుగింతలు పెట్టినా అదనంగా దక్కేది నాలుగు డిగ్రీల లోపే. మోత మాత్రం తగ్గదు.

అట్టపెట్టె మీద అంకెలు చూసేటప్పుడు జాగ్రత్త. ఒక కంపెనీ సీఎఫ్ఎంలో (నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని) రాస్తుంది, ఇంకొకటి గంటకు క్యూబిక్ మీటర్లలో, మరొకటి నిమిషానికి క్యూబిక్ మీటర్లలో. ఒక సీఎఫ్ఎం అంటే గంటకు 1.7 క్యూబిక్ మీటర్లు. నిమిషానికి క్యూబిక్ మీటర్లలో ఇచ్చిన అంకెను 60తో గుణించుకోండి. మీకు కావలసిన 1,500 అంటే దాదాపు 880 సీఎఫ్ఎం. అది కూడా ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా కొలిచిన అంకె. మీరు దోమల జాలీ కొడతారు, వాన పడకుండా పైన రేకు వంచుతారు, ఫ్యాను ఆగగానే వాటంతట అవే మూసుకునే రెక్కల మూత వెనక పెడతారు. ఒక్కోటీ కొంత తినేస్తుంది. అందుకని పెట్టె మీద ఒకటిన్నర రెట్లు, అంటే గంటకు 2,200 క్యూబిక్ మీటర్ల దరిదాపు ఉన్నది చూడండి. పొడవాటి గొట్టం తగిలించి గాలిని దూరంగా పంపాలనుకుంటే మామూలు రెక్కల ఎగ్జాస్టు పనికిరాదు. అది ఎదురొత్తిడికి తట్టుకోలేదు.

సైజు దగ్గర నా మాట వినండి: చిన్న రెక్కతో రయ్యిమని తిరిగేదాని కన్నా పెద్ద రెక్కతో నెమ్మదిగా తిరిగేది తీసుకోండి. ఒకే ఫ్యాను వేగం రెట్టింపు చేస్తే శబ్దం సుమారు 15 డెసిబెల్స్ పెరుగుతుంది, అది తీసుకునే పవరు ఎనిమిదింతలవుతుంది. 1,400 ఆర్పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ఉన్న 300 మిల్లీమీటర్ల ఎగ్జాస్టూ, 900 ఆర్పీఎం ఉన్న 400 మిల్లీమీటర్లదీ ఒకే రకంగా గాలి తోసేలా ఉంటే, కళ్లు మూసుకుని రెండోది పట్టుకెళ్తాను. గ్యారేజీలో గంటల తరబడి ఉండేది మీరు, షాపులో రెండు నిమిషాలు వేసి చూపించే వాడు కాదు.

ఇక గాలి లోపలికి వచ్చే దారి. నా తొలి రోజుల్లో ఒక షెడ్డుకు మంచి ఎగ్జాస్టు బిగించాను. మోత ఘనంగా ఉంది, లోపల మాత్రం కొలిమిలా ఉంది. ఫ్యాను చెడిందేమోనని విప్పి, మళ్లీ బిగించి, కండెన్సరు కూడా మార్చాను. చివరికి ఒక కాగితం ముక్క జాలీ దగ్గర పెట్టి చూస్తే అది అంటుకోకుండా జారి కింద పడింది. షట్టరు పూర్తిగా దించేసి ఉంది. గాలి రావడానికి సందు లేకపోతే పోవడానికి మాత్రం ఎక్కడుంటుంది? షట్టరు బెత్తెడు ఎత్తగానే కాగితం జాలీకి టప్పున అతుక్కుంది. అప్పటి నుంచి కాగితం పరీక్ష చేయకుండా ఏ ఎగ్జాస్టునూ అప్పగించలేదు.

మీ 1,500 క్యూబిక్ మీటర్లకు లోపలికి వచ్చే సందు 0.2 చదరపు మీటర్ల పైన ఉండాలి. షట్టరు 2.4 మీటర్ల వెడల్పు ఉంటే 10 సెంటీమీటర్లు ఎత్తితే సరిగ్గా సరిపోతుంది. ఆ సందుకు జాలీ కొడితే మరో 10 ఎత్తండి. అయితే మీ షట్టరు పడమర. మధ్యాహ్నం దాటాక దాని ముందున్న నేల కాలిపోతూ ఉంటుంది, ఆ నేల మీది గాలినే మీరు లోపలికి పీల్చుకుంటారు. ఉత్తరం గోడకో, నీడ పడే మరో పక్కకో కింద ఒక జాలీ కిటికీ పెట్టించగలిగితే అక్కడి నుంచి తీసుకోండి, షట్టరు మూసేయండి. రెండు మూడు డిగ్రీల తేడా అక్కడే వచ్చేస్తుంది.

ఫ్యాను మాత్రం ఎత్తులో, గాలి వచ్చే చోటికి ఎదురు మూలన ఉండాలి. వేడి గాలి పైకి చేరుతుంది కదా, దాన్ని అక్కడే పట్టాలి. మీ వెనక గోడ కిటికీ అందుకు సరిగ్గా ఉంది. అద్దం తీసి అక్కడే బిగించేయండి. దాని పక్కనే ఇంకో కిటికీ తెరిచి ఉంచకండి. ఫ్యాను ఆ పక్క కిటికీ నుంచే గాలి లాక్కుని తిరిగి బయటకు తోసేస్తుంది, మీ దాకా ఏమీ రాదు. గోడ కొట్టడం ఇష్టం లేకపోతే డ్రమ్ము ఫ్యానును షట్టరు దగ్గర పెట్టి బయటకు ఊదించండి. గడప మీదే పెట్టకుండా ఒకటిన్నర మీటర్లు లోపలికి జరపండి. ఊదే గాలి దారిలో చుట్టూ ఉన్న గాలిని కూడా ఈడ్చుకుని వెళ్తుంది కాబట్టి ఎక్కువ బయటకు పోతుంది. అప్పుడు వెనక కిటికీ తెరిచి ఉండాలి.

సీలింగ్ ఫ్యాను గురించి. రేకు కింద నేరుగా వేలాడదీస్తే, పైన పేరుకున్న వేడి గాలిని తెచ్చి మీ నెత్తిన పోస్తుంది. ఫాల్స్ సీలింగు కట్టాక అయితే అభ్యంతరం లేదు, రెక్కలు నేల నుంచి కనీసం 2.1 మీటర్ల ఎత్తులో ఉండాలి. అయినా గ్యారేజీలో నిచ్చెన భుజాన వేసుకుని తిరిగే పని ఉంటుంది. పైకి జరిగే తలుపు ఉంటే రెక్కలకు తగులుతుందేమో చూసుకోవాలి. నేను పెట్టను.

మనిషికి గాలి కోసం అయితే గోడకు బిగించే, అటూ ఇటూ తిరిగే 400 నుంచి 450 మిల్లీమీటర్ల ఫ్యాను మంచిది. నేల ఖాళీగా ఉంటుంది, కాళ్లకు వైరు తగలదు. స్టాండు ఫ్యాను మీద నాకు మంచి అభిప్రాయం లేదు. జాకీ హ్యాండిల్ తగిలి పడిపోయిన స్టాండు ఫ్యాన్లు ఎన్ని బాగు చేశానో లెక్కలేదు. కానీ కారు కింద పడుకుని చేసే పనికి గోడ ఫ్యాను గాలి చేరదు. దానికి నేల మీద పెట్టే చిన్న ఫ్యాను వేరుగా ఉంచుకోండి. ఒంటికి తగిలే గాలి సెకనుకు ఒకటి రెండు మీటర్ల వేగం ఉంటే హాయిగా ఉంటుంది. అంతకు మించితే వాషర్ల కింద పరిచిన కాగితాలు ఎగరడం, కళ్లలో దుమ్ము పడడం తప్ప ఏమీ పెరగదు. మీరు అడిగిన ఇండస్ట్రియల్ ఫ్యాను ఈ పనికి మరీ ఎక్కువ. చెవుల తుప్పు వదలగొడుతుంది, ఇంజనులో తేడా శబ్దం వినిపించనివ్వదు. అతుకు చుట్టూ గ్యాసు తెర కట్టి చేసే వెల్డింగు (మిగ్, టిగ్ లాంటివి) ఉంటే బలమైన గాలి ఆ తెరను చెదరగొట్టి అతుకు నాశనం చేస్తుంది కూడా.

విప్పి చూసే అలవాటు నాది కాబట్టి లోపలి సంగతి రెండు ముక్కలు. మోటారు పూర్తిగా మూసి ఉన్నదే తీసుకోండి, వెంటు రంధ్రాలున్నది దుమ్ముతో పూడిపోతుంది. ఎగ్జాస్టు వేడి గాలిలో గంటల తరబడి తిరుగుతుంది కాబట్టి బాల్ బేరింగు ఉన్నదే చూడండి. బాల్స్ లేకుండా నూనె పొర మీద తిరిగే బుష్ ఉన్నది వేడికి నూనె ఆరిపోయి, మొదట గీ గీ మంటుంది, తర్వాత పట్టేస్తుంది. వేడెక్కితే తనంతట ఆగిపోయే థర్మల్ కటాఫ్ ఉందో లేదో అడగండి. ఐపీ 54 అని రాసి ఉంటే దుమ్ముకీ, నీటి చిలకరింపుకీ తట్టుకుంటుంది. ఇంకో వేసవికి ఫ్యాను నెమ్మదిస్తే మోటారు పోయిందని పారేయకండి. చాలాసార్లు పోయేది కండెన్సరే, వేడి దాని ప్రాణం తీస్తుంది. బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యాన్లు కరెంటు సగం కన్నా తక్కువ తింటాయి, నిజమే. గోడ మీద వాడుకోండి. కాలే రేకుకు దగ్గరగా మాత్రం వద్దు, అందులోని సర్క్యూటు బోర్డుకు ఆ వేడి మంచిది కాదు.

కూలరు పెట్టుకోమని ఎవరో ఒకరు మీకు చెప్తారు. పొడి గాలి ఉన్న చోట, షట్టరు తెరిచి ఉంచితే చల్లగానే ఉంటుంది. తేమ ఉన్న చోట వృథా. ఎక్కడైనా పనిముట్లు తుప్పు పడతాయి.

రాత్రి సంగతి చెబుతానన్నాను. సిమెంటు నేల, గోడలు పగలంతా వేడి దాచుకుంటాయి. మర్నాడు పొద్దున మీరు వెళ్లేసరికి అవి ఇంకా వెచ్చగానే ఉంటే, ఆ రోజు వేడి వాటి మీదే మొదలవుతుంది. బయటి థర్మామీటరు లోపలిదాని కన్నా కిందికి దిగిన దగ్గర నుంచి తెల్లవారే దాకా ఎగ్జాస్టు నడపండి. టైమరు ఒకటి పెట్టేస్తే చాలు. పగలు బయట మండిపోతున్నప్పుడు ఎగ్జాస్టు నడిపే కన్నా ఇది మేలని నా అనుభవం. షట్టరు రాత్రంతా ఎత్తి ఉంచలేరు కదా, కింద జాలీ కిటికీ పెట్టించమనడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు చెప్పేది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. ఎగ్జాస్టు ఉంది కదా అని గ్యారేజీలో ఇంజను స్టార్టు చేసి వదలొద్దు. కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు, ఏ ఫ్యానూ దానికి పూచీ కాదు. బండిని బయటకు తోసి స్టార్టు చేయండి. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువైనది, నేల మీద పాకుతుంది. ట్యాంకు విప్పిన రోజున నేల మీది ఫ్యాను స్విచ్చు ముట్టుకోకండి. నిప్పురవ్వ వచ్చే సామాను నేలకు కనీసం 45 సెంటీమీటర్ల పైన ఉండాలని కొన్ని దేశాల్లో నిబంధనే ఉంది. థిన్నరుతో పెయింటు స్ప్రే చేసే పని ఉంటే మామూలు ఎగ్జాస్టు వాడకూడదు. ఆ ఆవిరంతా మోటారు మీదుగానే పోతుంది, దానికి నిప్పురవ్వ బయటకు రాని ప్రత్యేకమైన మోటారు కావాలి. గ్యారేజీ ఇంటికి ఆనుకుని ఉంటే ఇంట్లోకి తెరుచుకునే తలుపు మూసి ఉంచండి. ఫ్యాను గాలిని బయటకు లాగాలే కానీ లోపలికి ఊదకూడదు, ఊదితే గ్యారేజీ గాలి ఇంట్లోకి దూరుతుంది. గ్యాసు గీజరు కూడా అక్కడే ఉంటే బలమైన ఎగ్జాస్టు దాని పొగను గొట్టంలోంచి వెనక్కి లాగేయగలదు. అలా ఉంటే ఆ రెండూ ఒకే చోట వద్దు.

వైరింగు: ఫ్యానుకు సొంత స్విచ్చు, ఎర్తింగు, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు). ఎక్స్‌టెన్షన్ బోర్డు తాత్కాలికం అనుకుంటే వైరు చుట్ట పూర్తిగా విప్పి వాడండి, చుట్టగా ఉంటే వేడెక్కుతుంది.

మీ గ్యారేజీ నాది అయితే వెనక కిటికీలో 900 ఆర్పీఎం 400 మిల్లీమీటర్ల ఎగ్జాస్టు, బెంచీ పైన గోడకు ఒక 400 ఫ్యాను, రేకు మీద తెల్ల కోటింగు. ముందు కోటింగు వేసి, వారం ఆగి, మళ్లీ థర్మామీటర్లు చూసి అప్పుడు ఎగ్జాస్టు కొంటాను. మీ మూడు రోజుల అంకెలు, కిటికీ కొలత, ఉత్తరం గోడ అవతల ఏముందో పంపితే ఏ సైజు పడుతుందో ఇంకా కచ్చితంగా చెబుతాను.